పిలాతు వేసిన వాయిదా

గుర్నాథం వకీలు కాడు, వకీలు గుమాస్తా. ఈ రెంటికీ ఉన్న తేడా తిరువళ్ళూరు కోర్టు వీధిలో అతనికి తప్ప అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళుగా రోజూ తిరుత్తణి నుంచి బస్సులో వచ్చి, కేసుకట్టలు చంకన పెట్టుకుని వకీలుగారి వెనకాలే హాల్లోకి పోతాడు. ఆయన చెయ్యి వెనక్కి చాపితే కావలసిన కాగితం ఆ చేతిలో పెడతాడు. అంతవరకే అతని పని. ఇన్నేళ్ళలో ఆ హాల్లో అతని నోట్లోంచి వచ్చింది ఒక్క తుమ్ము. దానికే జడ్జీగారు తలెత్తి చూస్తే, వకీలుగారు అతని తరఫున క్షమాపణ చెప్పారు.

లోపల మాట్లాడలేనిదంతా మధ్యాహ్నం కన్నమ్మ టీ అంగట్లో మాట్లాడేవాడు. వినడానికి ఆరోగ్యస్వామి ఉండేవాడు. బియ్యం మిల్లులో ఫిట్టరు, బక్క మనిషి, ఊరి బయటి కాలనీలో కాపురం, ఆదివారం తప్పకుండా గుడికి పోయే క్రైస్తవుడు. డెబ్బైతొమ్మిదో సంవత్సరం, గుడ్ ఫ్రైడేకి ముందటి ఉపవాసాల రోజులు. ఆరోగ్యస్వామి ఉత్త టీ తాగుతున్నాడు. గుర్నాథం బజ్జీ తింటూ యేసు మీద జరిగిన విచారణను తిరగదోడుతున్నాడు.

"పండగొస్తే జనం అడిగిన ఖైదీని వదిలేసేవాళ్ళంట. ఇట్లాంటి ఆర్డరు యాడైనా ఉండాదా ఆరోగ్యం?"

"మన పార్టీ తలైవర్ల పుట్టినరోజులకు జైలు తలుపులు తీస్తా ఉండారు గదన్నా. నిన్నడిగి తీసినారా?"

టీ వడగడుతున్న కన్నమ్మ నవ్వింది. గుర్నాథం ఆ పాయింటు వదిలేశాడు.

"సరే, ఆ జడ్జీ పిలాతు గద్దె మీద ఉండంగా పెండ్లాం కబురు పంపిందంట, కలొచ్చింది, ఆ మనిషి జోలికి పోవద్దని. విచారణ మధ్యలో ఏ జడ్జీ పెండ్లామన్నా కబురు పంపుతుందా?"

"జడ్జీల ఇండ్ల సంగతి నాకు తెలీదు. నా పెండ్లామైతే మిల్లుకు పంపుతుంది."

"శిష్యులంతా పారిపోయినారని మీరే చెప్తారు. లోపల పిలాతు ఏమడిగినాడో, ఆయనేం బదులు చెప్పినాడో ఎవురు విన్నారు? ఎవురు రాసినారు?"

ఆరోగ్యస్వామి గ్లాసు కింద పెట్టి ఆలోచించాడు. "అది నాకూ తెలీదన్నా. మా ఫాదర్‌ను అడిగితే, నువ్వు పాపాలొప్పుకొని పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్ళయిందని నన్నే అడిగినాడు."

ఒక పాయింటు గెలిచాడు. గెలిచినవాడు అక్కడ లేచి పోవచ్చు. గుర్నాథానికి ఆ అలవాటు లేదు.

"అసలుది విను. ఈ మనిషిలో తప్పు లేదని ఒకటికి మూడుమార్లు చెప్పిన జడ్జీ, గుంపు అరిస్తే శిక్ష వేసినాడంట. అరుపులకు భయపడి ఆర్డరు మారుస్తాడా ఎవుడన్నా? ఇది జరిగిన కథ కాదు, అల్లిన కథ. ఆ జాగాలో నేనుంటే వాయిదా వేసుందును. సాక్షులకు పొంతన లేదా, వాయిదా. జనం అరస్తా ఉండారా, వాయిదా. వాయిదాతో తీరని కష్టం నేను చూడలేదు."

"అట్లయితే నువ్వే కూచో అన్నా. మా కాలనీ గుడ్ ఫ్రైడే నాటకంలో పిలాతు వేసే టీచరు పొన్నేరికి మారిపోయినాడు. యేసు వేషం నాదే. బక్కగా ఉండేది నేనొకణ్ణే."

గుర్నాథం నోట్లో బజ్జీ ఆగిపోయింది. ఎత్తైన కుర్చీ. ఎదురుగా జనం. తను మాట్లాడతాడు, వాళ్ళు వింటారు. ఇరవై ఏళ్ళలో ఎవరూ ఇవ్వనిది ఈ ఫిట్టరు ఇస్తున్నాడు.

"వేస్తాను. కానీ నేనా కుర్చీలో ఉండంగా నీకు శిక్ష పడదు. పడిందంటే ఈ కథ గురించి జన్మలో నోరెత్తను."

"అట్లా ఒట్లు పెట్టుకోవద్దు సామీ," అంది కన్నమ్మ. "నువ్వు నోరెత్తకపోతే నా అంగడికి ఎవురొస్తారు?"

ఆరోగ్యస్వామి నవ్వాడు. అన్న తమాషాకి అంటున్నాడు అనుకున్నాడు.

గుడ్ ఫ్రైడే నాడు కోర్టుకు సెలవు. గుర్నాథం భార్య సుందరవల్లిని వెంటబెట్టుకుని, వకీలుగారు పారేసిన పాత నల్లగౌను సంచిలో పెట్టుకుని వచ్చాడు. వేషాలు కడుతున్న చెంగమ్మ, ఆరోగ్యస్వామి భార్య, ఆ గౌను చూసి, "రోమాపురం దొరకు వకీలు గౌను యాడిదన్నా," అని అతని భుజాల మీదుగా ఎర్ర కర్టెను కప్పింది. "ఆ విబూతి కూడా తుడుచుకో." తుడుచుకున్నాడు. తమ ఊరి కొండ మీది దేవుడు తణికేశుడు ఏమనుకుంటాడోనని జుట్టు కింద ఒక గీత మాత్రం మిగుల్చుకున్నాడు.

అన్నీ ఆలోచించుకుని వచ్చాడు గానీ ఒక్కటి అతనికి తెలియదు. ఆ రోజు కాలనీలో నాటకం అయ్యేదాకా ఎవరూ పచ్చి గంగైనా ముట్టరు. సిలువ మీంచి దేహాన్ని దించాకే అందరికీ కంజి, అంటే బియ్యపు జావ, పోస్తారు. ఆ కంజి అండా వేదిక పక్కనే పొయ్యి మీద ఉంది. చెంగమ్మ వేషాలు ముగించి గరిటె పట్టుకుని దాని దగ్గర నిలబడింది. గాలి జనం వైపే వీస్తోంది.

గుర్నాథం కుర్చీలో కూర్చున్నాడు. "ఈయనలో నాకేం తప్పూ కనపడలేదు," అన్నాడు. ఇరవై ఏళ్ళు దాచుకున్న గొంతు మైదానం చివరిదాకా పోయింది. ఇంకోసారి అన్నాడు. సిలువ వెయ్యమని జనం నీరసంగా అరిచారు. పొద్దున్నించీ కడుపులో ఏమీ లేనివాళ్ళు అంతకంటే ఎట్లా అరుస్తారు? మూడోసారి గుర్నాథం లేచి నిలబడి, కర్టెను సర్దుకున్నాడు.

"సాక్షుల మాటలు పొసగడం లేదు. ఈ కేసు సోమవారానికి వాయిదా."

సైనికులు ఈటెలు దించేశారు.

"సోమవారమా?" అన్నాడు ముందు వరసలో ఒక ముసలాయన.

"అన్నా, కంజి అడుగంటతా ఉండాది," అంది చెంగమ్మ గరిటెతో.

అప్పుడు లేచింది అసలు అరుపు. సిలువ వెయ్యమని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో బిడ్డల్ని ఎత్తుకున్నవాళ్ళు అందరూ లేచి అరిచారు. ఈసారి అందులో నాటకం లేదు. గుర్నాథం మోకాళ్ళు వణికాయి. నేర్చుకున్న సెక్షన్లలో ఒక్కటీ గుర్తు రాలేదు. దిక్కు తోచక ఆరోగ్యస్వామి వైపు చూశాడు. టీ అంగట్లో ప్రతి మాటకూ బదులు చెప్పే మనిషి ఏదో ఒకటి అంటాడు, దాన్ని పట్టుకుని నడిపించుకోవచ్చు అనుకున్నాడు. తుమ్మముళ్ళ కిరీటంతో, కొబ్బరితాడు కట్టిన చేతులతో ఆరోగ్యస్వామి అతన్నే చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంతలో పిలాతు భార్య వేషం వేసిన అమ్మాయి వచ్చి అతని చెవి దగ్గర వంగింది. "మామా, నా కల సంగతి తర్వాత చెప్తాను. ఆరుగంటల బస్సు పోతే తిరుత్తణికి బస్సు లేదంట. బిరీన ముగించమని అత్త చెప్పి పంపింది."

విచారణ మధ్యలో కబురు పంపిన జడ్జీ పెండ్లాం మూడో వరసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

శిక్ష వేసి, ఈ పాపం నాది కాదని పిలాతు చేతులు కడుక్కోవడానికి చెంబు సైనికుడు తేవాలి. పిలాతే దిగిపోయి చెంబు లాక్కున్నాడు. ముంజేతుల దాకా కడుక్కుని, "తీస్కొని పోండి," అన్నాడు. వకీలుగారి చేతికి కాగితం అందించేటప్పుడు వచ్చే చిన్న గొంతు అది. మైదానం చివరిదాకా పోలేదు, పోవలసిన అవసరమూ లేకపోయింది.

నాటకం ముగిశాక ఒక ముసలమ్మ అతని చెయ్యి పట్టుకుని, "ఆ టీచరు వట్టి రాతిబొమ్మ మాదిరి కూచునేవాడు. నువ్వు నిజంగానే వణికినావు నాయనా," అని మెచ్చుకుంది. చెంగమ్మ మొదటి గిన్నె కంజి అతనికే పోసింది. అది అంత రుచిగా ఉండటం గుర్నాథాన్ని మరీ బాధపెట్టింది. బస్సులో సుందరవల్లి, "బాగా వేసినారు, ఆ మధ్యలో సోమవారమనింది మాత్రం బాగలేదు," అంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ జడ్జీ గురించి ఇరవై ఏళ్ళుగా అనుమానపడ్డాడు. అరుపులకు జడ్జీ లొంగుతాడనడానికి ఒక్క సాయంత్రంలో తనే సాక్షి అయిపోయాడు.

సోమవారం టీ అంగట్లో బజ్జీ తిన్నాడు, మాట్లాడలేదు. కన్నమ్మ రెండుసార్లు తొంగి చూసింది. చివరికి ఆరోగ్యస్వామే కదిపాడు.

"అన్నా, లోపల మాటలు ఎవురు విన్నారనింది నాకింకా తేలలేదు. అది నువ్వే చెప్పాల."

"నోరెత్తనని ఒట్టు పెట్టుకున్నాను గదా."

"ఒట్టును వాయిదా వేసుకో."

గుర్నాథం నవ్వు ఆపుకోలేకపోయాడు. కాసేపయ్యాక మెల్లిగా అడిగాడు. "నేను చూస్తా ఉన్నా నువ్వెందుకు ఒక్క మాటన్నా అనలేదు?"

"నేను మాట్లాడితే నువ్వు జవాబు చెప్తావు. మళ్ళీ నేను చెప్పాల. కంజి యాడ తాగేది?"

గుర్నాథం లేచి అలవాటు కొద్దీ చేతులు కడుక్కోవడానికి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోయాడు. చెంబు ముంచినవాడు, వెనక ఇద్దరూ తననే చూస్తున్నారని తెలిసి, చెంబు మళ్ళీ డ్రమ్ములో వదిలేశాడు. బజ్జీ నూనె పంచెకు తుడుచుకుని కోర్టుకు బయల్దేరాడు.