చిక్కుడుపూల ఒడి

కాజాలు కుడుతుండగా ఫోన్ మోగింది. మా కుట్టు టీచరమ్మ కూతురు. "అమ్మ పోనాదప్పా," అంది. సరేనన్నాను. ఫోన్ పక్కన పెట్టి, జాకెట్టుకి మిగిలిన రెండు కాజాలూ పూర్తిచేశాను. అలా ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు.

భూస్థాపన రోజు అందరూ కీర్తన పాడుతుంటే, పెట్టెమీది తెల్లబట్ట అంచు వంకరగా మడిచి ఉండటం చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. అందుకు సిగ్గేసింది కూడా.

కొత్తవలస దగ్గర మా ఊళ్లో కుట్టు వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఆవిడ వరండాయే బడి. మీలో ఎవరైనా అక్కడ కూర్చుని ఉంటే ఆవిడ మెచ్చుకోలు ఎలా ఉంటుందో తెలిసే ఉంటుంది. కుట్టు విప్పమనకపోతే బాగున్నట్టు. "ఏసుకుని సూడకుండా బాగున్నాదని సెప్పకండి," అనేవారు.

నిరుడు వైజాగ్‌లో ఎగ్జిబిషన్‌కి కొత్తరకం ఏదైనా కుట్టి పంపమని అక్కడివాళ్లు మమ్మల్ని అడిగారు. ఆ పూట టీచరమ్మ పెరట్లో చీర చెంగు ఒడి కట్టుకుని చిక్కుడుకాయలు కోస్తున్నారు. ఆ ఒడినే విడిగా కుడితే ఎలా ఉంటుందన్నాను. మెడలో వేసుకుని నడుముకి కట్టుకోవాలి, ముందు కాయలు పట్టే సంచీ ఉండాలి.

నేను సంచీ నిండా ఊదారంగు చిక్కుడుపూలు కుట్టాను. పదిరోజుల పని. వరండాలో అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఆవిడ మాత్రం దాన్ని నాకే కట్టి వంకాయలు కోసుకురమ్మన్నారు. తిరిగొచ్చేసరికి ముచ్చికల ముళ్లు తగిలి పూలన్నీ పోగులు లేచిపోయాయి. నాకు ఒళ్లు మండింది. ఆవిడ నన్ను చిక్కుడుపాదు దగ్గరికి లాక్కెళ్లారు.

"పువ్వెక్కడున్నాది, కాయెక్కడున్నాది సూడే. పువ్వు పైనుంటాది. బరువు కిందుంటాది."

పూలు గుండెల మీదికి వెళ్లాయి. సంచీకి ఉత్త ముతక గుడ్డ వేశాం.

ఇక మిగిలింది సంచీ అడుగు. నడుంనొప్పి మనిషి కదా, వంగకుండానే అడుగు తెరుచుకుని కాయలు గంపలో పడాలని ఆవిడ పట్టు. టిచ్ బటన్లు పెడితే బరువుకి తోట మధ్యలోనే ఊడిపోయాయి. ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత ఆలోచిద్దామన్నారు. అంతలోనే మంచం పట్టారు, ఎగ్జిబిషన్‌కి పంపడం కుదరలేదు.

ఇంట్లో ఆదరణ కూటం ప్రార్థన అయ్యాక కూతురు అడుగు కుట్టని ఆ ఒడిని నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్లలో ఆవిడకి చూపించకుండా నేను ఏదీ పూర్తిచేయలేదు. భయమేసింది. వారం పాటు ముట్టుకోలేదు. చివరికి అడుగు అంచు మడిచి, నాడా దూర్చి, లాగితే ఊడే జారుముడి వేశాను.

నిన్న అది కట్టుకుని ఆవిడ పెరట్లోకి వెళ్లాను. కోసేవాళ్లు లేక కాయలు ముదిరిపోయాయి. సంచీ నిండా కోసి, గంప ముందు నిటారుగా నిలబడి నాడా లాగాను. కాయలన్నీ గంపలోనే పడ్డాయి. వరండా వైపు తిరిగాను.

ఆవిడ రోజూ కూర్చునే కుర్చీని ఇంట్లోవాళ్లు లోపల పెట్టేశారు. గచ్చుమీద దాని నాలుగు కాళ్ల గుర్తులున్నాయి. నాడా చేత్తో పట్టుకుని వాటికేసి చూస్తూ ఉండిపోయాను.