నేల ముందా, చప్పుడు ముందా

ప్రయోగశాల బీరువా తలుపు తీయగానే కలరా ఉండల ఘాటు, పాత టేకు చెక్క వాసన కలిసి ముఖానికి కొట్టాయి. గోదావరిఖనిలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే నాకు ఇది రోజూ తగిలే వాసనే. ఇవాళ మాత్రం ఎందుకో తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బీఎస్సీలో ఇదే వాసన మధ్య నాకు ప్రయోగాలు నేర్పిన గ్రేస్ మేడం గుర్తుకొచ్చారు. వెనక నిలబడ్డ పిల్లలు ఈమెకేమైందన్నట్టు చూశారు.

నేను బీఎస్సీ చదివింది తమిళనాడులోని ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో. మా నాన్న బొగ్గుగని కార్మికుడు. అక్కడి చదువు మంచిదని ఆయన గనిలో పనిచేసే ఇంజనీరొకాయన చెబితే, రామగుండంలో రైలెక్కించి తీసుకుపోయి నన్ను అక్కడ దించి వచ్చాడు. మా అవ్వకు అది నచ్చలేదు. "ఆడ పొద్దుగాల లేస్తె ప్రార్థనలేనట. ఏం జేస్తవే పిల్లా" అని బయల్దేరే రోజు దాకా సణుగుతూనే ఉంది. నాకసలే కడుపులో మాట దాగదు. వెళ్ళిన మొదటి వారమే గ్రేస్ మేడంను అడిగేశాను, "ప్రార్థనకు రాకుంటె మార్కులు తక్కువేస్తరా మేడం" అని. ఆవిడది గుంటూరు వైపు. తెల్లటి నూలు చీర, జారిపోయే కళ్ళజోడు. నవ్వి, "దేవుడి సంగతి నువ్వూ ఆయనా చూసుకోండమ్మా. ప్రయోగంలో ఏం చూశావో అది నాకు చెప్పు" అన్నారు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. ప్రయోగం అయ్యాక ఇంగ్లీషులో రాసే ముందు, చూసింది చూసినట్టు మన ఇంటి భాషలో ఆవిడకు చెప్పాలి. తమిళ పిల్లలు తమిళంలో, మేము తెలుగులో. అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. నేను నోరు తెరిస్తే చాలు, కోస్తా నుంచి వచ్చిన తెలుగు పిల్లలు నా యాసకు ముసిముసి నవ్వులు నవ్వేవారు. అవి తెలంగాణ కోసం మా దగ్గర రోడ్లన్నీ జనంతో నిండుతున్న రోజులు. ఆ నవ్వులకు నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం ప్రయోగశాలలో ఉండగా ఊళ్ళోని నూలు మిల్లు సైరన్ మోగింది. అంతే, నా బల్ల మీది గాజు సామానంతా రెండు చేతులతో పొదివి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి తెరిచి చూస్తే గదంతా నవ్వుతోంది. మా ఇళ్ళల్లో సైరన్ అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో బ్లాస్టింగని, మందు పెట్టి రాయి పేలుస్తారని అర్థం. అది వినగానే ఆడవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలి, గూట్లోని గిన్నెలు పడిపోకుండా పట్టుకుంటారు. నా చేతులకు అదే అలవాటు.

మేడం నవ్వలేదు. "ఎందుకు పట్టుకున్నావమ్మా" అన్నారు.

"మా దిక్కు బ్లాస్టింగ్ అయితది మేడం. ఇల్లంత అదురుతది, సామాన్లు పడ్తయి."

"నేల ముందు అదురుతుందా, చప్పుడు ముందు వినపడుతుందా?"

"నేలనే ముందు. కాళ్ళకు తెలుస్తది. తర్వాత చప్పుడొస్తది."

"ఎందుకని?"

పుట్టినప్పటి నుంచి కాళ్ళ కింద అదిరిన నేల గురించి నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. "పోనీ, తెలుసుకుని చెప్పు" అని ఆవిడ పక్క బల్లకు వెళ్ళిపోయారు.

అర్ధసంవత్సరం పరీక్షల్లో మూడొంతుల సబ్జెక్టులు తప్పాను. ఇంగ్లీషు పాఠం చెవిదాకా వచ్చి ఆగిపోయేది. నాన్నకు ఫోన్ చేసి ఏడిస్తే, "సదువు రాకపోతె వచ్చెయ్ బిడ్డా. ఎవలేమంటరు, నేను లేనా" అన్నాడు. ఆ ప్రేమే నా కొంప ముంచబోయింది. ఆయన తిట్టి ఉంటే పంతానికైనా ఉండేదాన్ని. పెట్టె సర్దుకుని, ఇక ఇంటికి పోతున్నానని చెప్పడానికి మేడం దగ్గరికి పోయాను. ఆవిడ పాత చీర ముక్కతో కటకాలు తుడుస్తున్నారు.

"నేల సంగతి తెలిసిందా" అన్నారు, తల ఎత్తకుండానే.

"తెలిసింది మేడం. రాయిల చప్పుడు జల్ది పోతది, గాలిల నిమ్మళంగ పోతది. గందుకే."

"అది శుక్రవారం సెమినార్‌లో చెప్పు. నీ భాషలోనే. నేను పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మారుస్తాను. ఆ తర్వాత వెళ్తానంటే స్టేషన్ దాకా నేనే వస్తా."

కాదనలేకపోయాను. శుక్రవారం సెమినార్‌కు వచ్చిన పిల్లల్నీ ఆచార్యులనీ అందరినీ నీళ్ళ ట్యాంకు నుంచి హాస్టల్ దాకా పోయే పొడవాటి ఇనుప గొట్టం దగ్గరికి తీసుకుపోయాం. ఒక చివర వాచ్‌మన్ సుత్తితో కొట్టాడు. ఇంకో చివర ఒక్కొక్కరూ చెవి ఆనించారు. ఇనుములోంచి ఒక చప్పుడు, ఆ వెనకే గాలిలోంచి ఇంకొకటి. నన్ను చూసి నవ్విన పిల్ల "మళ్ళీ కొట్టమనండి" అని అడిగింది. గదికి తిరిగొచ్చి నేను మా ఊరి సంగతి మొదలుపెట్టాను. మేడం ఒక్కో వాక్యం మారుస్తున్నారు. ఉన్నట్టుండి, చప్పుడు ముందొస్తుందనీ ఆ తర్వాత నేల అదురుతుందనీ ఇంగ్లీషులో చెప్పారు.

"నేను గట్లనలే మేడం" అన్నాను. నోరు జారింది. ఆచార్యులందరి ముందు.

మేడం కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. "అయితే నువ్వే చెప్పమ్మా" అని పోయి ముందు బెంచీ మీద పిల్లలతో కూర్చున్నారు. ఇక తప్పలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో చూపిస్తూ, చెమటలు కక్కుతూ చెప్పాను. తప్పులు కుప్పలు. కానీ ప్రశ్నలు అడిగారు, నేను జవాబులు చెప్పాను. హాస్టల్‌కు పోయి పెట్టె విప్పేశాను.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆవిడ ఫోన్ చేశారు. అప్పటికే ఉద్యోగ విరమణ చేసి సొంతూళ్ళో ఉంటున్నారు. "మీ రాష్ట్రం వచ్చిందిగా, సంతోషమేనా" అన్నారు. సంతోషమేనన్నాను. ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్నది అప్పుడు అడిగాను. "మేడం, ఆ రోజు కావాలనే తప్పు చెప్పిన్రా?"

"కావాలనా? అంత తెలివెక్కడిదే. నువ్వెళ్ళిపోతావేమోనని వారమంతా నాకు నిద్ర లేదు. ఆ రోజు వణుకుతూ ఏం వాగానో నాకే తెలియదు."

ఆవిడ ఇప్పుడు లేరు. గాలిలో చప్పుడు వేగమెంతో ఎవరు చెప్పినా నేర్చుకునేదాన్ని. నా క్లాసులో ఒక పిల్ల రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు స్కూటీ వేసుకుని వాళ్ళ క్వార్టర్‌కు పోతాను. చదువు మానేసిందేమోనని, తలుపు కొట్టేటప్పుడు నా చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.