పాప పట్టుకున్న చేయి

చిత్తూరు కోర్టు ఎదురుగా నాది టీ అంగడి. దామోదరం గురించి ఊరంతా నోటికొచ్చినట్టు మాట్లాడింది. ఇప్పుడు నేను మాట్లాడతాను. ఎవరికి కోపం వస్తే నాకేం?

దామోదరం బడిపిల్లల రిక్షా తొక్కేవాడు. పెళ్లాం కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. రిక్షాలో గోలగోలగా కూర్చునే ఆ పిల్లలే అతనికి ఇల్లూ వాకిలీ. ఒక్కొక్కరినీ చేయి పట్టి ఎక్కించేవాడు.

తొంభై ఎనిమిదిలో బెల్లం మండీ ధనంజయ కూతురు నందితను ఇంటి ముందు ఆడుకుంటుంటే ఎవడో ఎత్తుకుపోయాడు. ఆరేళ్ల పిల్ల. పేపర్ల నిండా అదే వార్త. వారం తిరక్కముందే పోలీసులు నాయుడుపేట దగ్గర పాపను కాపాడారు. ఎత్తుకుపోయినవాడు మాత్రం గుండు కొట్టించుకుని తిరుమల యాత్రికుల్లో కలిసిపోయాడు. చివరికి పాకాల స్టేషన్లో దొరికాడు.

పాప వాణ్ణి గుర్తుపట్టాలి. అందుకు జైల్లో వాడిలాంటి మనుషుల మధ్య వాణ్ణి నిలబెట్టి చూపించాలట. అంటే గుండువాళ్లు కావాలి. దామోదరం ఆ వారమే కొండకు పోయి తలనీలాలిచ్చి వచ్చాడు. మా అంగట్లో టీ తాగుతుంటే జైలు జవాను వచ్చి, కాసేపు నిలబడితే చాలని పిలిచాడు. బడి వదిలేలోగా వచ్చేస్తానని గ్లాసు కింద పెట్టి వెళ్లాడు, పిచ్చిమారాజు.

లోపల గుండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. ఎవరో చూపించమన్నాడు మేజిస్ట్రేటు. పాప ఆ చివరి నుంచి మెల్లగా నడిచొచ్చి దామోదరం చేయి పట్టుకుంది.

చట్టానికి అది పొరపాటు, అంతే. మేజిస్ట్రేటు రాసుకుని అతన్ని పంపేశాడు. అసలువాడి మీద వేరే సాక్ష్యాలు ఉన్నాయి. ఊరికి ఇవన్నీ ఎందుకు? ఎవరో రిక్షా అతన్ని పాప పట్టుకుందని పేపరులో వచ్చింది, చాలు. నెల తిరక్కుండానే రిక్షా ఖాళీ అయింది. అతను వీధిలోకి వస్తే తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. దామోదరం మార్కెట్టులో మూటలు తోలి పొట్ట పోసుకున్నాడు. అయినా బడి వదిలే వేళకు సీటు తుడిచి, గేటుకు దూరంగా బండి ఆపుకునేవాడు. ఒక్కడే తిరిగొచ్చేవాడు.

రెండేళ్లకు విచారణ మొదలైంది. ముద్దాయి వకీలు దామోదరాన్నీ సాక్షిగా పిలిపించాడు. ఒక సాక్షి చెప్పేది ఇంకొకరు వినకూడదట, అతన్ని వరండాలో కూర్చోబెట్టారు. టీ ఇవ్వడానికి పోయిన నేను హాల్లో వెనక నిలబడ్డాను. ఆ పొద్దు వేరే మనిషిని ఎందుకు పట్టుకున్నావని వకీలు నందితను గుచ్చి గుచ్చి అడిగాడు. పాప ఒకసారి నాయన వైపు చూసింది.

"ఎత్తకపోయినోడు పక్కనే ఉన్న్యాడు. వాణ్ణి జూసి బయమేసింది. ఆయప్పను జూస్తే బయం కాలే. ఇంటికి పిల్సకపోతాడని చెయ్యి పట్టుకున్న్యా."

వకీలు ఇక దామోదరం అక్కర్లేదన్నాడు. నేను వరండాలోకి పరిగెత్తి పాప మాట చెప్పాను. దామోదరం ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ముద్దాయికి శిక్ష పడింది. పాప చెప్పిన మాట మాత్రం ఏ పేపరులోనూ రాలేదు. వీధి వీధీ తిరిగి నేనే చెప్పాను. అందరూ అయ్యో పాపమన్నారు. మరి పిల్లల్ని పంపండయ్యా అంటే, ఆటో మాట్లాడుకున్నామన్నారు. ఒళ్లు మండిపోయి అంగట్లో కూర్చుని అందరినీ తిడుతుంటే దామోదరమే నన్ను ఆపాడు.

"పోనీలే అన్నా. ఆ బిడ్డొకతన్నా నా ఎంబడి రావల్లనుకునింది గదా."

బడి వదిలే వేళయిందని లేచి, రిక్షా సీటు తుడుచుకున్నాడు.