తీగ పెడితే నెట్టు పోయే కంప్యూటరు

వినుకొండ రోడ్డు మీదున్న ఆ ఏసీ గోదాములో అనీసా అరిస్తే కంప్రెసర్ల మోతను కూడా దాటి వినపడుతుందని హమాలీలు చెప్పుకుంటారు. ఆమె పుట్టిన ఇంట్లో గొంతు పెంచకపోతే మాట వినపడేది కాదు మరి. తండ్రి హుస్సేన్ సాహెబ్ వసారాలోనే దూది మిషను పెట్టుకుని పరుపులు కుట్టేవాడు. ఆ మోత మధ్యే ఆమె చదువుకుంది, నరసరావుపేటలో డిగ్రీ పూర్తి చేసింది, పిల్లలు బడికి పోయే వయసొచ్చాక ఈ గోదాములో కంప్యూటరు ముందు కూర్చుంది. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, లోపలికొచ్చినా బయటికి పోయినా ఆమె తీసిన గేట్ పాసు లేనిదే లారీ కదలదు.

నిరుడు ఎండాకాలం మొదట్లో యాజమాన్యం ఒక కొత్త పెట్టె తెచ్చి పెట్టింది. గదుల్లో చల్లదనం ఎంతుందో అది ఎప్పటికప్పుడు చూసి, యూఎస్‌బీ తీగ గుండా అనీసా కంప్యూటరుకు చెబుతుంది. చల్లదనం తగ్గితే కంప్యూటరు తెర మీద ఎర్రగా చూపించి కూత పెడుతుంది. బిగించి పోయిన కంపెనీ కుర్రాళ్లు ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఆ తీగ పెట్టిన కాసేపటికి కంప్యూటరులో ఇంటర్నెట్ పోతుందని.

నెట్టు లేకపోతే గేట్ పాసు రాదు. బయట లారీలు హారన్లు కొట్టేవి. అనీసా విసుక్కుని తీగ పీకేది, నెట్టు వచ్చేది. వెంటనే మేనేజరు బాపయ్య గారు గదిలోంచి కేకేసేవాడు.

"అనీసా! తెర మీద టెంపరేచర్ పోయిందేంటమ్మా?"

"మీకు టెంపరేచర్ కావాలా, గేట్ పాసు కావాలా? ఒకటి చెప్పండి!"

"రెండూ కావాలి."

కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరెత్తినా ఒకటే పాట. కంప్యూటరు ఆపి మళ్లీ వేయండి మేడం. తీగ మార్చండి మేడం. ఆమె ఆపింది, వేసింది, మార్చింది. మార్చిన తీగ ఫోన్ ఛార్జింగుకు తప్ప ఎందుకూ పనికిరానిదని తేలడానికి ఒక పూట పట్టింది. నెట్టు ఇచ్చేవాడు వచ్చి మా లైను బంగారంలా ఉందన్నాడు. తప్పు ఎవరిదీ కాదు. తిట్లు మాత్రం ఆమెకే.

ఒకరోజు మధ్యాహ్నం లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. ఆమె తీగ పీకేసి గేట్ పాసులు తీస్తూ కూర్చుంది. ఆ మధ్యలో కరెంటు పోయి వచ్చింది. కంప్రెసర్లన్నీ మళ్లీ తిరిగాయి, రెండో గదిది తప్ప. తీగ ఉంటే కంప్యూటరు కూత పెట్టేదే, కానీ అది బల్ల మీద పడి ఉంది. కంప్రెసర్లు చూసే అల్లాబక్షు తెర ఉంది కదా అని గదుల చుట్టూ తిరగడం మానేశాడు. చివరికి టిక్కీలు మోసుకొస్తున్న హమాలీ జక్రయ్య చెమట తుడుచుకుంటూ, "లోపల ఉక్కపోస్తంది బాబాయ్, చూసుకోండి" అన్నాక అల్లాబక్షు పరుగెత్తాడు. సరుకు చెడకముందే కంప్రెసరు నడిచింది.

"తీగ ఎవరు పీకారు?" బాపయ్య గారి ముఖం ఎర్రబడింది.

"నేనే పీకాను. రోజూ పీకుతూనే ఉన్నాను. రోజూ మీకు చెబుతూనే ఉన్నాను!" అని అనీసా లేచి బయటికి వెళ్లిపోయింది. పంపు దగ్గర ముఖం కడుక్కుంది. కోపం తగ్గలేదు. రెండో గది నిండా ఉన్న ఊళ్లోవాళ్ల పంట తలుచుకుంటే మాత్రం భయమేసింది.

మర్నాడు నెట్టు లైనే తెగింది. ఆమె తన ఫోనును తీగతో కంప్యూటరుకు తగిలించి, ఫోన్ నెట్టుతో పని కానిచ్చింది. అప్పుడు తెర మీద నెట్‌వర్కుల జాబితాలో ఫోను పేరుతో ఒక కొత్త వరుస కనపడింది. పెట్టె తగిలించినప్పుడు కనపడేదీ అచ్చం అలాంటిదే! అంటే ఆ పెట్టె పెన్‌డ్రైవులా కాదు, నెట్టు ఇచ్చే ఫోనులా కంప్యూటరుకు తనను తాను పరిచయం చేసుకుంటోంది. కానీ దాని వెనక నెట్టు ఏదీ? గోడకు కొట్టిన నాలుగు తీగలు తప్ప ఏమీ లేవు.

ఈసారి కంపెనీకి ఫోన్ చేసి, "తీగ సంగతి ఎత్తారంటే ఊరుకోను, ఆ పెట్టె తయారు చేసినవాళ్లకే ఇవ్వండి ఫోను" అంది. చాలాసేపటికి మాధురి అనే ఇంజనీరు లైనులోకి వచ్చింది. అనీసా చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నది.

"మీరు చూసింది కరెక్టేనండి. ఆ తీగలోనే చిన్న నెట్‌వర్కు నడుస్తుంది. పెట్టె మీ కంప్యూటరుకు ఒక అడ్రసు ఇస్తుంది. దాంతోపాటు, బయటి ప్రపంచానికి దారి కూడా నేనేనని చెబుతోంది. అలా చెప్పకూడదు. అది మా పొరపాటు."

"కంప్యూటరు నమ్మేసి అంతా దాంట్లోకే పంపిస్తోందన్నమాట!"

"అవునండి. మేము సరిచేసి పంపేలోపు, ఆ అడ్రసు కంప్యూటరు సెట్టింగుల్లో మీరే టైపు చేసేయండి. బయటికి దారి ఏదని అడిగే గేట్‌వే అనే గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. అప్పుడు పెట్టెతో మాట్లాడటానికి ఆ దారి, మిగతా వాటికి పాత దారి."

అనీసా అలాగే చేసింది. తీగ పెట్టింది. గదుల అంకెలు తెర మీద కదిలాయి, గేట్ పాసు కూడా వచ్చింది. ఇంతేనా అనిపించింది ఆమెకు. ఇంత చిన్న గడి కోసమా ఇన్నాళ్లు తన ప్రాణం తోడేశారు?

"తల్లీ, మొదటి రోజే నువ్వెత్తుంటే ఏం పోయేది ఫోను?" అంది. అవతల మాధురి నవ్వేసింది.

సాయంత్రం బాపయ్య గారు యజమానికి ఫోనులో, "కంపెనీ వాళ్లను గట్టిగా అడిగి సరిచేయించామండి" అని చెబుతుంటే ఆమె పళ్లు కొరుక్కుంది. అల్లాబక్షును పిలిచి, తెర ఉన్నా సరే గదులన్నీ తిరిగి రావాల్సిందేనని చెప్పింది. అతను టార్చి తీసుకుని వెళ్లాడు.

వారం తిరగకుండా బాపయ్య గారు ఆమె బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. అద్దంకి గోదాములో కూడా అదే పెట్టె, అదే గోలట.

"ఒకసారి వచ్చి చూడమ్మా. నీకు తప్ప ఎవరికీ అర్థం కావట్లా."

"ఆ మాట యజమాని గారికి ఫోనులో చెప్పండి, వస్తాను."

ఆయన తల గోక్కున్నాడు. తర్వాత అక్కడే నిలబడి, ఆమె వింటుండగానే ఫోను తీశాడు.