లాల్‌దర్వాజాలో నలభై ఒక్కమంది రోగులు

ఒక మనిషి ఒక్క వారంలో, ఎవరినీ ముట్టుకోకుండా, కేవలం పెన్నుతో నలభై ఒక్కమందిని మంచాన పడేయగలడా? పడేయగలడు. పడేసినవాణ్ణి నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, ముందు ముందు తీరిక దొరకదు.

నేను చదివింది ఏడో తరగతి. శాతాలూ సగటులూ బేగంబజార్‌లో ఒక గిన్నెల దుకాణంలో సరుకు లెక్క రాస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. నేర్పినవాడు లేడు కాబట్టి తప్పుపట్టేవాడూ లేడు. దాంతో నా లెక్కంటే నాకు మహా నమ్మకం. కొన్నేళ్ల కిందట ఒక చిన్న సంస్థలో సర్వే పని దొరికినప్పుడు, ఈ నగరానికి ఇన్నాళ్లకి సరైన మనిషి దొరికాడనే అనుకున్నాను.

పని తేలిక. లాల్‌దర్వాజాలో ఒక గల్లీ, నలభై ఒక్క ఇళ్లు. ఇంటి దగ్గరే ఏదో ఒక వ్యాపారం చేసే ఆడవాళ్లు ఎందరున్నారో, వాళ్లకేం కావాలో అడిగి రాయాలి. ఇరవై మందికి తగ్గకుండా ఉంటే ఆ గల్లీకి కుట్టుమిషన్ల మోటార్లు, పిండి పట్టే చిన్న గిర్నీలు వస్తాయి. తగ్గితే ఇంకో గల్లీకి పోతాయి. అంటే నలభై ఒక్క ఇళ్ల భాగ్యం నా పెన్ను కొన మీద ఉందన్నమాట.

నాకున్న జాగ్రత్త ఎలాంటిదో ఒక్క ముక్కలో చెబుతాను. గుమ్మాల మీద ఇంటి నంబర్లు చెరిగిపోయాయి. కరెంటు మీటరు పెట్టెల మీద మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. అందుకని ప్రతి ఇంటి ముందూ నిలబడి, మెడలో కార్డు వేలాడుతుండగా, మెడ ఎత్తి మీటరు వైపు చూసి, నంబరు రాసుకుని, ఆ తరువాతే తలుపు కొట్టేవాణ్ణి. తలుపు తెరవడానికి ప్రతి ఇంట్లోనూ కాసేపు పట్టేది. లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు. పాపం, ఇల్లు సర్దుకుంటున్నారు, మర్యాదస్తులు అనుకున్నాను.

మొదటి ఇల్లు సరోజనక్కది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల మీద చేతులు ఆనించి నడుస్తుంది.

"అక్కా, వివరాలు రాసుకోనికి వచ్చిన. నువ్వు వ్యాపారం ఏమన్న చేస్తవా?"

"వ్యాపారమా? నాకేం వ్యాపారమన్నా. వండుకుంట, తింట, ఉంట."

ముందు గదిలో మంచం పక్కన ఏదో ఎత్తుగా, నిండా దుప్పటి కప్పి ఉంది.

"గక్కడ ఎవలక్కా?"

"మా అత్తమ్మ. పాణం బాగలేదు. కూసునే పండుకుంటది."

కూర్చుని పడుకోవడం ఏ రకం జబ్బో నాకు తెలియలేదు. నా కాగితంలో మాత్రం 'ఇంట్లో కనిపెట్టుకుని ఉండాల్సిన రోగులు' అని ఒక గడి ఉంది. అందులో ఒకటి వేశాను. వ్యాపారం గడిలో సున్నా.

రెండో ఇంట్లో దుప్పటి కింద మామగారు. మనిషి నలుచదరంగా ఉన్నాడు. మూడో ఇంట్లో భర్త, జ్వరమట. దుప్పటి అంచు కిందనుంచి ఆయన పాదం ఒకటే కనిపించింది, అదీ ఇనపది. కృత్రిమ పాదం కాబోలని కళ్లు చెమర్చాయి. అయిదో ఇంట్లో దుప్పటి నుంచి కారం ఘాటు. "ఆయనకు దగ్గన్నా" అంది ఇల్లాలు. దగ్గింది నేను, ఆయన కిక్కురుమనలేదు. ప్రతి ఇంట్లోనూ గొంతు తగ్గించి, చేతులు కట్టుకుని, "మిరియాల కషాయం పొయ్యి అక్కా" అని చెప్పి మరీ వచ్చాను. ఏ ఒక్క రోగి కదలకపోవడం, మూలగకపోవడం నాకు వింతగా అనిపించలేదు. లెక్క సరిపోతున్నప్పుడు లెక్కలవాడికి ఏదీ వింత కాదు.

శనివారం పొద్దున్న ఆఫీసులో మేడం నా కాగితాలు చూసి కళ్లజోడు తీసింది.

"శంకర్ గారూ, నలభై ఒక్క ఇళ్లలో ఒక్కరూ ఏ పనీ చెయ్యట్లేదా?"

"సున్నా శాతం మేడం. రోగులు మాత్రం నూటికి నూరు. రెండుసార్లు కూడి చూసిన."

ఆమె ముఖం పాలిపోయింది. "అయితే మోటార్లు వేరే గల్లీకి రాసేస్తాను, జాబితా సాయంత్రం అయిదింటికి వెళ్లిపోవాలి. వీళ్లకి ముందు వైద్యం కావాలి" అని ఎవరెవరికో ఫోన్లు చేసి, గంటలో ఒక డాక్టరుగారిని, మందుల పెట్టెతో సహా, నా వెంట పంపింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. ఇక్కడ రోగి కోరింది మోటారు, వైద్యుడు తెచ్చింది సెలైను.

సరోజనక్క ఇంటి ముందు అలవాటుగా మీటరు చూసి తలుపు కొట్టాను. లోపల ఈడ్చిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు నేరుగా దుప్పటి దగ్గరికి వెళ్లి మృదువుగా అన్నారు.

"అమ్మా, చెయ్యి ఇలా ఇవ్వండి."

చెయ్యి బయటికి రాలేదు. ఆయనే దుప్పటి కింద చెయ్యి పెట్టి నాడి వెతికారు. ముఖం మారిపోయింది.

"చల్లబడిపోయింది" అన్నారు.

నేను చెప్పులు విడిచి చేతులు జోడించాను. సరోజనక్క వైపు తిరిగి, "ధైర్యంగుండు అక్కా, పెద్ద పాణం" అన్నాను. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"సార్, అది సావలే. దానికి పాణముంటే గదా సచ్చుడు" అని దుప్పటి లాగింది.

కుట్టుమిషన్. డాక్టరుగారు పట్టుకుని ఉన్నది దాని చక్రం.

"ఏందక్కా ఇది" అన్నాను.

"నువ్వే చెప్పాలె ఏందో. కరెంటోనివి, డాక్టరును తోల్కొని వస్తవా?"

"నేను కరెంటోన్ని ఎప్పుడైన? సర్వే అని చెప్పిన గదా."

"వివరాలు అన్నవ్. కరెంటోడు గూడ గదే అంటడు. వచ్చుడు వచ్చుడే మీటరు జూసి రాస్కుంటివి. ఇంట్ల మిషిను కనవడితే దుకాణం మీటరు పెట్టి బిల్లు ఎక్కువ గుంజుతరని గల్లీ అంతా ఒకటే ఫికర్. నువ్వు మలుపు తిరిగితే చాలు, మిషిన్ల మీద దుప్పట్లు పడుతుండె."

డాక్టరుగారు మందుల పెట్టె తీసుకుని వెళ్లిపోయారు. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. నలభై ఒకటి. చదరపు మామగారు పిండి గిర్నీ. ఇనపపాదం భర్త ఇంకో మిషన్. దగ్గున్నాయన కారప్పొడి గిర్నీ. మోటార్ల సంగతీ, అయిదు గంటల సంగతీ చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మోటారు వస్తదా? తొక్కి తొక్కి నా మోకాళ్లు పోయినయన్నా. ఇంకో ఏడాదైతే మిషిను అమ్ముకునుడే. నీ సున్నలతోని అదే పోయిందా?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెప్పులు వేసుకుంది.

"కూసుంటవేంది, నడువు. ముందుగాల మెడల ఆ కార్డు తీయి. మీటరు దిక్కు జూస్తివో, కొడ్త."

ఆ రోజు ఆమె నాకు నేర్పిన విద్య ఏ బడిలోనూ దొరకదు. నిలబడి అడగకూడదు, కూర్చోవాలి. వ్యాపారమా అని అడగకూడదు. "వ్యాపారమంటే బోర్డున్నోళ్లది. మాది పని. పొద్దుగాల లేచినకాన్నుంచి ఏమేం జేసినవో అడుగు, వాళ్లే చెప్తరు." అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. తప్పుగా అడిగితే అక్కయినా చెప్పదని ఆ రోజు తెలిసింది. జాకెట్లు కుట్టేవాళ్లు, లాడ్ బజార్ గాజులకు రాళ్లు అంటించేవాళ్లు, అప్పడాలు ఒత్తేవాళ్లు, ఒక్కొక్క దుప్పటీ లేస్తుంటే నా సున్నాలు ఒకట్లవుతున్నాయి. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ, ఆమె ఒక్క ఇల్లూ వదలలేదు.

నాలుగున్నరకు ఆఖరి ఇల్లు. అప్పటికి నాకు ధీమా పెరిగిపోయింది. గుమ్మంలో లక్ష్మి అనే కోడలు అడ్డొచ్చింది.

"అన్నా, ఆగు జర."

"నాకన్నీ ఎరుకే చెల్లె, ఫికర్ జెయ్యకు" అని లోపలికి వెళ్లి, గారడీవాడిలా మంచం మీది దుప్పటి ఒక్క లాగు లాగాను.

నిజంగానే ముసలమ్మ. లేచి కూర్చుంది.

"ఎవడ్రా నువ్వు, దుప్పటి గుంజుతున్నవ్?"

"సర్వే... పెద్దమ్మా."

"ఓ, నువ్వేనా. ఆ నాడు గూడ నేను ఈడనే పండుకున్న. నా ముచ్చట కోడలిని అడిగినవ్. కషాయం పొయ్యమన్నవ్. నన్నొక మాట అడిగినవా?"

"పాణం బాగలేదేమో అని..."

"నాకేమైంది? తెల్లారగట్ల నాలుగింటికి లేస్త. నూరు జొన్నరొట్టెలు కొడ్త. మూడు హోటళ్లకు పోతయి. పగటీలి జరసేపు నడుము వాలుస్తే మంచాన పడ్డట్టు రాసుకుంటవా? తీయి పెన్ను. పేరు రాజమ్మ. రోగం లేదు. ఆ కోడలు నా దగ్గర పనిజేస్తది, అది గూడ రాయి."

రాశాను. అంత నిండైన జవాబు ఆ గల్లీలో ఇంకెవరూ ఇవ్వలేదు.

అయిదింటికి పది నిమిషాల ముందు కాగితాలు మేడం చేతిలో పెట్టాను. ఆమె నన్ను పనిలోంచి తీసేయలేదు. "ఈ మీటరు భయం గురించే మనం మొదట అడగాల్సింది" అని కొత్త ప్రశ్న చేర్చింది. తరువాత కరెంటు ఆఫీసుకు ఆ ఆడవాళ్ల వెంట తానే వెళ్లి, నిబంధన ఏమిటో అడిగి తెలుసుకుని అందరికీ వివరంగా చెప్పించింది. గల్లీకి మోటార్లు వచ్చాయి. సరోజనక్క కాళ్లు కదపకుండా మొదటి జాకెట్ కుట్టిన రోజు నన్ను పిలిచి, మిషన్ పక్కన పీట వేసి చాయ్ ఇచ్చింది. ఈ రోజుకీ నేను సర్వేలే చేసుకుని బతుకుతున్నాను. తినే ప్రతి ముద్దలోనూ ఆమె మోకాళ్ల నొప్పికి వాటా ఉంది.

కనుక లాల్‌దర్వాజా గుడిలోని మహంకాళమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి పనినీ ఇంకొకరిని అడిగి రాయను. మీటరు వైపు మెడ ఎత్తను. ఎవరి దుప్పటీ లాగను. చలికాలం పొద్దున్న మంచం మీద నాదీ మా ఆవిడదీ ఒకటే దుప్పటి. అది ఆవిడ వైపుకు పూర్తిగా వెళ్లిపోయినా, వణుకుతూ పడుకుంటున్నాను గానీ, లాగడం లేదు.