తుడిచిన తొవ్వ

నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మామునూరు పాత విమానాశ్రయం రన్‌వే ఎర్రగా మారేది. ఒకప్పుడు సైనిక విమానాలు దిగిన ఆ నేల మీద, వాటి రాక తగ్గాక, చుట్టుపక్కల రైతులు మిర్చి ఆరబోసేవారు. మా అమ్మమ్మ మాత్రం నడుమ మంచమంత వెడల్పున ఖాళీ వదిలేది.

అది పక్కింటి తాత కోసం. ఆయన కొడుకు చైనా యుద్ధమప్పుడు అక్కడే విమానమెక్కి తిరిగి రాలేదు. తాత రోజూ సాయంత్రం ఆ చారను ఊడ్చి, ఆకాశం వైపు చూసి ఇంటికి పోయేవాడు. చివరి రోజుల్లో అమ్మమ్మ చేయి పట్టుకుని, "చెల్లె, వాడొచ్చే తొవ్వ మూయకుండ్రి" అన్నాడు.

ఆయనను సమాధి చేసిన కొద్ది రోజులకే మబ్బు పట్టింది. కాయ తడిస్తే ఎనుమాముల మార్కెట్లో అడిగేవారుండరు. "ముసలాయన పోయిండు గదా అవ్వా, రేపు ఆ జాగల గూడ పోస్త" అన్నాడు మా మామ.

తెల్లవారి చూస్తే ఆ చార ఊడ్చి ఉంది. దుమ్ములో చీపురు గీతలు. మర్నాడూ అంతే. తాత దయ్యమై వస్తున్నాడని పిల్లలం అటు పోవడం మానేశాం. మామ కూడా ఎక్కువైన కాయను ఇంటి వాకిట్లోనే పోసుకున్నాడు.

ఒక మునిమాపు ప్రార్థనకు వేళవుతోందని అమ్మమ్మను వెతుక్కుంటూ రన్‌వే దాకా వెళ్లాను. ఎర్రటి దుమ్ములో ఎవరో వంగి ఊడుస్తున్నారు. తాతే అనుకుని ఆగిపోయాను. అప్పుడు మిరప ఘాటుకు దగ్గు వినిపించింది. అది అమ్మమ్మ దగ్గు.

"దయ్యాలు లేవంటవు గదా అమ్మమ్మా?"

"లేవు బిడ్డా. ఉన్నయని నేనన్ననా? మీ మామనే అనుకుంటాండు."

"మరి రాని మనిషికి ఎందుకూడుస్తానవ్?"

"ప్రభువు వస్తడని మనం ఎన్నేండ్ల సంది తొవ్వ చూస్తానం? ఒకల ఎదురుచూపు మీద మిరపకాయలు ఎట్ల పోస్త?"

అంతలో ఎక్కడో సన్నగా విమానం మోత. ఇద్దరం తలెత్తాం. ఆకాశంలో ఏమీ లేదు. మోత ఆగిపోయాక కూడా అమ్మమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడింది.

నిరీక్షణ గురించి సంఘంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ సాయంత్రమంత లోతుగా ఏదీ నాలో దిగలేదు. ఇప్పుడు మట్టెవాడలో మా డాబా మీద మిర్చి పోసినా నడుమ జానెడు చార వదులుతాను. మనవరాలు నవ్వుతుంది. దాన్ని ఊడుస్తున్నప్పుడు పైన ఏ చప్పుడూ లేకపోయినా, ఒకసారి తలెత్తి చూడకుండా కిందికి దిగలేను.