చివరి ఓవర్ మీద ఒక ప్రశ్న

ఈ పరాయి దేశంలో మేముండే గంగాలిన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళం కలిసి పెట్టుకున్న చిన్న సంఘం ఒకటుంది. ఏటా ఎండాకాలంలో ఎనిమిది జట్లతో క్రికెట్ పోటీలు జరుపుతారు. నాలుగేళ్ళుగా ఆ పోటీల్లో మైకు నాదే. ఆట అవగానే కెప్టెన్లని ప్రశ్నలడగడం, అది ఫోన్లలో లైవ్ వెళ్ళడం, సోమవారం పొద్దున రైల్లో ఆఫీసుకి వెళ్తూ మ్యాచ్ రిపోర్టు రాసి సంఘం పత్రికకి పంపడం. జీతం లేని విలేకరిని. అయినా వారమంతా ఆఫీసులో చేసే పనికంటే ఆ రెండు గంటల పనే నాకిష్టం.

విశాఖపట్నంలో చదివేటప్పుడు నేను యూనివర్సిటీ జట్టుకి వికెట్ కీపర్ని. చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. వికెట్ల వెనక అన్నేళ్ళు కూర్చున్నాక, ఎవరు ఏ బంతి ఎందుకు వేశారో కాస్తో కూస్తో తెలుస్తుంది. మా ఆయన మంచివాడే గానీ, స్క్వేర్ లెగ్ ఎక్కడో చూపించమంటే కార్ల పార్కింగ్ వైపు చూపిస్తాడు.

మొన్నటి ఎండాకాలం, మా సెమీఫైనల్‌కి ముందు వారం, ఇక్కడి టీవీలో ఓ గొడవైంది. ఒకప్పటి ఆటగాడెవరో, గ్రౌండ్ పక్కన నిలబడి ప్రశ్న అడిగిన అమ్మాయికి జవాబు చెప్పకుండా, ఆమె డ్రెస్ గురించి ఏదో కూశాడు. దేశమంతా భగ్గుమంది. ఆఫీసు కిచెన్లో టీ కలుపుకుంటూ అందరూ అదే మాట. మా సంఘం ప్రెసిడెంటు గారైతే ఆ వార్తని గ్రూపులో పెట్టి, ఇలాంటివాళ్ళని వెంటనే ఉద్యోగంలోంచి పీకేయాలని రాశారు. కింద వందమంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సెమీఫైనల్లో ఓ జట్టు చివరి ఓవర్‌కి పదకొండు పరుగులు కాపాడుకోవాలి. మూడు ఓవర్లలో తొమ్మిది పరుగులే ఇచ్చిన లెగ్ స్పిన్నర్‌కి ఇంకో ఓవర్ మిగిలే ఉంది. అతన్ని తీసుకెళ్ళి బౌండరీ దగ్గర నిలబెట్టి, అప్పటికే రెండు ఓవర్లలో చావుదెబ్బలు తిన్న కెప్టెన్ బంతి తనే తీసుకున్నాడు. నాలుగు బంతుల్లో ఆ పరుగులన్నీ ఇచ్చేసి ఓడిపోయారు. చూస్తున్న ప్రతివాడి నోట్లోనూ ఒకటే ప్రశ్న. మైకు నా చేతిలో ఉంది కాబట్టి నేనడిగాను.

"స్పిన్నర్‌కి ఇంకో ఓవర్ ఉండగా, చివరి ఓవర్ మీరెందుకు వేశారు?"

కెప్టెన్ మా ఇంటికి పదిసార్లు భోజనానికి వచ్చినవాడే. నా వైపు కూడా చూడకుండా, ఫోన్ పట్టుకున్న కుర్రాళ్ళ వైపు తిరిగి అన్నాడు. "వదినా, ఈ బౌలింగ్ స్ట్రాటజీలన్నీ ఇంటికెళ్ళాక అన్నని అడిగి తెల్సుకోండి. టెంట్‌లో బిర్యానీ చల్లారిపోతోంది, ముందు అది చూస్కోండి."

అందరూ విరగబడి నవ్వారు. ప్రెసిడెంటు గారూ నవ్వారు. కూల్ డ్రింకుల డబ్బా దగ్గర నిలబడ్డ మా ఆయనా నవ్వాడు. ఆయన మాట ఎత్తారు గనక నవ్వాడట. ప్రశ్న వినలేదట. సిగ్గులేకుండా చెప్తున్నాను, నేనూ నవ్వాను. మైకు చేతిలో ఉంటే ముఖం దానంతటదే నవ్వేస్తుంది. ఆ నవ్వు తల్చుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సాయంత్రానికల్లా ఆ ముక్క గ్రూపుల్లో తిరిగింది. ముందు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు. తర్వాత, కొత్తగా వచ్చిన డాక్టరమ్మాయి ఒకామె, ఇది తప్పు, ఆయన సారీ చెప్పాలి అని రాసింది. ఇక మొదలు. జోకుని జోకులా తీసుకోవాలన్నారొకరు. ఆడవాళ్ళకి మైకివ్వడమే మనం చేసిన గొప్ప పని, అది గుర్తుంచుకోవాలన్నారు ఇంకొకరు. "వదిన కూడా నవ్విందిగా, వీడియో చూడండి" అని మూడోవాడు. నన్ను సమర్థించినవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? ఆడది ఆదిపరాశక్తి అంటూ దండాల బొమ్మలు పెట్టారు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిపి రెండొందల మెసేజులు. చివరి ఓవర్ ఆయనెందుకు వేశాడన్న మాట ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు.

విడిగా ఫోన్లొచ్చాయి. స్నేహితురాలొకామె, "నీ ప్లేస్‌లో నేనుంటేనా, అక్కడే చెంప పగలగొట్టేదాన్ని" అంది.

"ఆ ముక్క గ్రూపులో రాయొచ్చుగా?"

"అమ్మో, మా ఆయన ఆడేది వాళ్ళ టీమ్‌లోనేగా. ఆఫీస్‌కి కూడా ఒకే కార్లో వెళ్తారు."

సోమవారం ఆఫీసు కిచెన్లో ఇంకా టీవీ అమ్మాయి గురించే మాట్లాడుకుంటున్నారు. పాపం అంటే పాపం అన్నాను. నా సంగతి నోరు విప్పి చెప్పలేదు. మా వాళ్ళ పరువెందుకు తియ్యాలని, అదో రోగం మనకి.

బుధవారం సాయంత్రం వంటింట్లో ఉన్నాను. మా ఆయన ఫోన్ పెట్టేసి వచ్చి, ఏదో పెద్ద పని చక్కబెట్టినవాడిలా గ్లాసుతో మంచినీళ్ళు తాగి, "వాడు ఫోన్ చేశాడు. సారీ చెప్పాడు. పర్లేదులే అన్నాను" అన్నాడు.

"ఎవరికి చెప్పాడు?"

"నాకే. చాలా ఫీలయ్యాడు పాపం. 'అన్నా, వదినని అలా అనుండాల్సింది కాదు' అన్నాడు."

"మిమ్మల్నేమన్నాడని మీకు సారీ? నా తరఫున పర్లేదనడానికి మీరెవరు?"

"అబ్బా, ఇద్దరం ఒకటేగా. దీన్ని ఇంకా సాగదీస్తావా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు ప్రెసిడెంటు గారు గ్రూపులో పెట్టారు. ఇరు కుటుంబాలూ మాట్లాడుకున్నాయి, సమస్య సామరస్యంగా ముగిసింది, ఇక ఈ టాపిక్ క్లోజ్. నేనెక్కడ మాట్లాడానో, ఎవరితో మాట్లాడానో ఆయనకే తెలియాలి.

శుక్రవారం అసలు సంగతి బయటపడింది. ఫైనల్‌కి మైకు నాది కాదట. నాకు మళ్ళీ ఇబ్బంది కలక్కూడదని కమిటీ వాళ్ళు ఆలోచించి, మా కుటుంబం గౌరవం తగ్గకుండా, మైకు మా ఆయనకిచ్చారట. స్క్వేర్ లెగ్ పార్కింగ్‌లో ఉందనుకునే మా ఆయనకి.

"కాదనలేకపోయాను" అన్నాడు తల గోక్కుంటూ. మళ్ళీ తనే, "ఏం అడగాలో నాలుగు ముక్కలు రాసివ్వవా?"

విసిరికొట్టాలనిపించింది. నాలుగేళ్ళు ఎండలో నిలబడి సంపాదించుకున్న చోటు అది. కానీ ఫైనల్ తర్వాత ఆ కెప్టెన్‌కి టోర్నమెంట్‌లో ఎక్కువ పరుగుల బహుమతి ఉందని నాకు తెలుసు. కాగితం తీసుకుని, గెలిచిన జట్టుకి రెండు ప్రశ్నలు రాశాను. కింద అతనికోసం ఒక్కటి రాశాను. అదే ప్రశ్న, మాట మార్చకుండా. జవాబు నాకింకా కావాలి. అంతకంటే ఎక్కువగా, ఏమంటాడో చూడాలనుంది.

ఆదివారం మధ్యాహ్నం ఫైనల్ అయింది. బహుమతులిచ్చారు. నేను మిగతా ఆడవాళ్ళతో టెంట్ నీడలో నిలబడ్డాను. చేతిలో ఏమీ లేకపోతే ఏం చెయ్యాలో తోచక పేపరు ప్లేట్ల కట్ట పట్టుకున్నాను. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితంలోంచి గడగడా చదివాడు. "స్పిన్నర్‌కి ఇంకో ఓవర్ ఉండగా, చివరి ఓవర్ మీరెందుకు వేశారు?" అది ఆ రోజు నేనడిగిన ప్రశ్నేనని కూడా ఆయనకి తెలీదు.

కెప్టెన్ మా ఆయన వైపు తిరిగాడు.

"గుడ్ క్వశ్చన్ అన్నా" అన్నాడు. "హానెస్ట్‌గా చెప్పాలంటే అది నా మిస్టేకే. ప్రెషర్లో బాల్ ఇంకొకరికివ్వడానికి ఈగో అడ్డొచ్చింది. వాడికిచ్చుంటే ఇవాళ ఫైనల్లో మేముండేవాళ్ళం." ఇంకా చాలాసేపు చెప్పాడు, పొందిగ్గా, నిజాయితీగా. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నామె, "ఎంత బాగా ఒప్పుకున్నాడో కదా" అంది. ప్లేట్లు బల్ల మీద పెట్టేసి కారు దగ్గరికి నడిచాను.

కాసేపటికి మా ఆయన వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "బాగా అడిగానా?" అన్నాడు.

ఆయన ఒళ్ళోంచి ఫోన్ తీసుకుని కెప్టెన్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టాను.

"అన్నా, చెప్పన్నా" అంది గొంతు హుషారుగా.

"అన్న కాదండీ, నేను. చివరి ఓవర్ మీరెందుకు వేశారు?"

అవతల గ్రౌండ్ గోల వినిపిస్తోంది. "అదేంటి వదినా, ఇందాకే అన్నకి చెప్పాగా."

"అన్నకి చెప్పారు. సెమీఫైనల్ రోజు అడిగింది నేను."

గొంతు తగ్గించి, "వదినా, ఒకసారి ఫోన్ అన్నకివ్వండి" అన్నాడు.

మా ఆయన చెయ్యి చాపాడు. నేను ఫోన్ ఇంకాస్త ఇటు జరుపుకుని, ప్రశ్న మళ్ళీ మొదటినుంచీ అడిగాను.